భయమేస్తే నవ్వొచ్చే మనిషి

ఆ లాండ్రీలో ఆమెను అందరూ నవ్వులక్క అనేవారు. పెట్టినవాళ్లు ముద్దుగానే పెట్టారు గానీ, ఆ పేరు ఆమెకు ఏనాడూ ముద్దుగా వినపడలేదు. ఎందుకంటే ఆమెది సంతోషం వల్ల వచ్చే నవ్వు కాదు. భయమేస్తే వచ్చే నవ్వు. ఎవరైనా గట్టిగా కసిరినా, చెడ్డ కబురు చెవిన పడినా, గుండె గుభేలుమన్నా, ఆమె గొంతులోంచి ముందు నవ్వే తన్నుకొచ్చేది. అదీ ముసిముసి నవ్వు కాదు. పక్క గదిలోవాళ్లు తల తిప్పి చూసేంత పకపక.

చిన్నప్పటినుంచీ అంతే. రెండో తరగతిలో టీచరు బెత్తం తీస్తే నవ్వింది. నవ్వినందుకు ఇంకో రెండు ఎక్కువ పడ్డాయి. తమ్ముడు మెట్లమీంచి దొర్లి పడితే నవ్వింది. పదిహేనేళ్లప్పుడు, నాన్న పోయాడని ఆస్పత్రి నుంచి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి చెబితే, ఆ మనిషి మొహంలోకి చూస్తూ నవ్వింది. మేనత్త చెంప ఛెళ్లుమనిపించింది. రెండోసారి ఎత్తిన చేతికి అమ్మ అడ్డం వచ్చింది.

"కొట్టకు వదినా. దానికి ఏడుపు రావాల్సిన చోట నవ్వొస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు."

ఆ సంగతి తెలిసిన మనిషి అమ్మ తర్వాత భర్త ఒక్కడే. ఆయన బడిపిల్లల వ్యాను నడుపుతాడు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు వంటింట్లో ఆమె విరగబడి నవ్వుతుంటే, ఏదో సరదా సంగతి కాబోలనుకుని తనూ నవ్వుకుంటూ లోపలికి వెళ్లాడు. చూస్తే పొయ్యి మీద మూకుడులో నూనె భగ్గున మండుతోంది. ఆనాటినుంచి ఇంట్లో ఆ నవ్వు వినపడితే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి పరుగెత్తుకొచ్చేవాడు.

లాండ్రీలో మాత్రం పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? అదొక హుషారు మనిషి అని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చింది.

ఊళ్లోని నాలుగు పెద్దాస్పత్రుల దుప్పట్లు, దిండుగలీబులు, ఆపరేషను గౌన్లు అక్కడికే ఉతకడానికి వచ్చేవి. ముందు గదిలో మురికి బట్టలు విడదీస్తారు. నడిమి హాల్లో ఉతికే మెషీన్లు పొద్దుణ్నించి సాయంత్రం దాకా గిరగిరా తిరుగుతుంటాయి. దాన్ని దాటితే ఇస్త్రీ రోలరు. రెండు పొడుగాటి ఇనుప రోలర్లు ఒకదాని మీద ఒకటి, లోపల సలసల కాగే ఆవిరి. తడి దుప్పటి అంచును ఇద్దరు చెరో కొసా పట్టుకుని అందిస్తే, అవతలివైపు పొడిగా, ఒక్క ముడత లేకుండా బయటికొస్తుంది. అక్కడ ఇంకో ఇద్దరు అందుకుని మడతపెడతారు.

ముందువైపు ఎడమ పక్కన నవ్వులక్క, కుడి పక్కన వదిన. వదిన అంటే చుట్టరికమేమీ లేదు. ఈమె పనిలో చేరిన మొదటిరోజే ఆవిడ అంది, "నన్ను వదినా అని పిలువు. నాకు ఆడపడుచులు లేరు. సాధించేవాళ్లు లేక బతుకు చప్పగా ఉంది."

అలా పదకొండేళ్లు ఒకే రోలరు మీద నిలబడ్డారు. ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. "పట్టు", "వదులు" అనే మాటలు ఎప్పుడో మానేశారు. కొసలు వాటంతటవే లేచేవి, వాటంతటవే వెళ్లేవి.

ఆ మంగళవారం పొద్దున పదిగంటలకు వదిన చీర మీద వేసుకున్న పని కోటు చేతి అంచు దుప్పటి కుట్టులో చిక్కుకుంది. దుప్పటి లోపలికి వెళ్లింది. దానితో పాటు అంచు వెళ్లింది. అంచుతో పాటు చెయ్యి వెళ్లింది.

నవ్వులక్కకు గుర్తున్నది ఇంతే. తెల్లటి బట్ట జర్రున లాక్కుపోవడం, వదిన నోరు తెరుచుకోవడం, ఆ నోట్లోంచి వచ్చిన కేక. తర్వాత ఎవరో నవ్వుతున్నారు. ఇలాంటప్పుడు ఎవరమ్మా నవ్వుతున్నారు అనుకుంది ఒక్క క్షణం. తనే.

రోలరు ఆగింది. పై రోలరు లేచింది. వెనకవైపున్న ఇద్దరూ చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చి చెయ్యి బయటికి తీశారు. ఎవరో నీళ్లు తెచ్చారు, ఎవరో అంబులెన్సుకు ఫోను చేశారు. అంతసేపూ ఆమె గోడకు చేరగిలబడి, రెండు చేతులతో నోరు నొక్కుకుని నవ్వుతూనే ఉంది. ఎంత నొక్కినా వేళ్ల సందుల్లోంచి తన్నుకొస్తూనే ఉంది. స్ట్రెచరు మీద తీసుకుపోతుంటే వదిన తల తిప్పి ఆమెను చూసింది. ఆ చూపులో నొప్పి కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది.

మర్నాడు మేనేజరు పిలిచాడు. ముప్ఫై దాటని మనిషి, చెడ్డవాడేమీ కాదు. ప్రతిదీ కాయితం మీద రాసుకుంటే గానీ నమ్మకం కుదరదు.

"మీరు పక్కనే ఉన్నారు. ఏం జరిగిందో చెప్పండి."

"వదిన చెయ్యి లోపలికి పోయింది సార్."

"తర్వాత?"

"తర్వాత... నవ్వాను సార్."

కలం ఆగింది. "అది విన్నాను. ఎందుకు నవ్వారు?"

అడగడమే ఆలస్యం, గొంతు కింద గిలగిల మొదలైంది. పళ్లు బిగబట్టింది, పిడికిళ్లు బిగించింది. లాభం లేకపోయింది. ఆ చిన్న గదిలో, మేనేజరు మొహం మీదే, పకపకమని నవ్వింది.

"భయమేసింది సార్" అంది నవ్వు మధ్యలోనే.

"భయమేసినవాళ్లు ఇలా ఉంటారా అండీ?" అన్నాడాయన. అడిగింది వెటకారంగా కాదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. అందుకే ఆమెకు ఇంకా ఎక్కువ బాధనిపించింది.

ఆయన రిపోర్టు రాశాడు. చేతులు లోపలికి పోకుండా రోలరు ముందు ఒక సన్నటి కమ్మీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే మెషీను దానంతటదే ఆగిపోవాలి. ఆ కమ్మీ పనిచేసి మెషీనును ఆపిందని రాశాడు. నవ్వులక్కను చిరుగులు కుట్టే గదికి మార్చాడు. కొన్నాళ్లు రోలరు దగ్గరికి రావద్దన్నాడు.

ఆ గది బాయిలరు వెనక ఉంది. ఒక కిటికీ, ఒక కుట్టుమెషీను, చిరిగిన దుప్పట్ల గుట్ట. మనిషి అలికిడి ఉండదు. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని అందరూ కూర్చునే బల్ల దగ్గరికి వెళితే, అప్పటిదాకా గలగలమంటున్న మాటలు టక్కున ఆగిపోయేవి. "అది గుండెకాయా, బండరాయా?" అని ఒకామె పక్కామెతో అనడం వినపడింది. వినపడాలనే అంది. రెండో వారం నుంచి డబ్బా ఆ గదిలోనే తెరిచేది. తెరిచి, నాలుగు మెతుకులు కెలికి మూసేసేది.

ఒక సాయంత్రం పళ్లు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది. గది తలుపు దగ్గర వదిన కూతురు అడ్డం నిలబడింది. "అమ్మ పడుకుందత్తా" అంది, నేల చూపులు చూస్తూ. ఆ పిల్ల భుజం మీంచి మంచం కనపడుతోంది. మంచం మీద వదిన మెలకువగానే ఉంది. ఈమె గొంతు వినగానే గోడవైపు తిరిగింది.

పళ్లసంచీ ఆ పిల్ల చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది. మెట్లు దిగుతుంటే మొదలైంది నవ్వు. ఎదురుగా కర్ర పోటేసుకుని ఎక్కుతున్న పెద్దాయన ఆగి, తనూ నవ్వాడు. "మీవాళ్లకి నయమైపోయిందా అమ్మా?" అన్నాడు. ఆమె తలూపింది. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఎవరేమన్నా పడేదే గానీ, తనకు తాను చెప్పుకునే మాటే ఆమెను లోపల్లోపల తినేసింది.

"నువ్వు కావాలని నవ్వలేదు కదా" అన్నాడు భర్త.

"నవ్వు సంగతి కాదండీ. వదిన చెయ్యి నలుగుతుంటే ఏం చెయ్యకుండా నిలబడ్డాను. ఇంకెవరైనా అయితే ఏదో ఒకటి చేసేవాళ్లు. నేను నిలబడి నవ్వాను."

కాదని చెబుదామంటే ఆ రోజు ఆయన అక్కడ లేడు కదా. పని మానేస్తానంటే మాత్రం, "నెలాఖరు దాకా ఆగు" అన్నాడు. ఆగింది.

ఆరో వారంలో ఫిట్టరు తిరిగొచ్చాడు. మెషీన్లు బాగుచేసే పెద్దాయన. ఆడవాళ్లంతా బాబాయ్ అంటారు. మాటకింతని మీటరు పెట్టినట్టు మాట్లాడతాడు. ప్రమాదం జరిగిన మర్నాడే ఆయన్ని పక్క ఊళ్లో కొత్తగా తెరిచే లాండ్రీకి, అక్కడ మెషీన్లు బిగించమని పంపించేశారు. వచ్చీ రాగానే, కుట్టే గదిలో ట్యూబులైటు వెలగడం లేదంటే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఎక్కాక కింద ఎవరున్నారో చూశాడు.

"నువ్విక్కడేం చేస్తున్నావు?"

"ఇక్కడే వేశారు బాబాయ్. ఆ రోజు నవ్వాను కదా."

"నవ్వితే?"

"వదిన చెయ్యి లోపలుంటే ఏమీ చెయ్యకుండా నిలబడి నవ్వాను."

ఫిట్టరు ట్యూబులైటు చేత్తో పట్టుకునే నిచ్చెన దిగాడు. "ఏమీ చెయ్యకుండానా? మరి రోలరు ఎవరు ఆపారు?"

"కమ్మీ ఆపింది కదా."

"ఆ కమ్మీ చచ్చి రెండు వారాలైంది అప్పటికే. లోపల తీగ తెగింది. కొత్తది తెప్పించమని కాయితం పెట్టాను. అదేం ఆపుతుంది?"

ఆమెకు అర్థం కాలేదు. ఆయన ట్యూబులైటును గోడకు ఆనించి, "రా" అన్నాడు.

రోలరు ఆపించాడు. మేనేజరును పిలిపించాడు. మడతపెట్టే ఇద్దరూ ఉతికే హాలులోవాళ్లూ కూడా చుట్టూ చేరారు. రోలరుకు రెండు చివర్లా నడుమెత్తున ఒక్కో ఎర్ర బటన్ ఉంది. ఎడమవైపుదాన్ని ఫిట్టరు అరచేత్తో గుద్దాడు. అది లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. పై రోలరు బుస్సుమని లేచింది.

"ఇదీ పద్ధతి. గుద్దితే గానీ లోపలికి పోదు. తిప్పితే గానీ బయటికి రాదు. ఆ రోజు నేనొచ్చేసరికి ఈ ఎడమ బటన్ లోపలుంది. తిప్పి తీసింది నేనే. ఎడమవైపు ఎవరున్నారప్పుడు?"

మడతపెట్టే ఆమె నెమ్మదిగా అంది, "మేం అవతలున్నాం. చుట్టూ తిరిగి వచ్చేసరికే రోలరు లేచి ఉంది."

"ఇది సెకనుకి జానెడు పైన లాగే మెషీను" అన్నాడు ఫిట్టరు. "ఇంకొక్క సెకను ఆగితే మోచెయ్యి దాకా పోయేది. ఈ పిల్ల వెంటనే గుద్దింది. అందుకే వేళ్లతో ఆగింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు మేనేజరు.

"మీరు అడగలేదు. ఆవిడే ఆపిందని అందరికీ తెలుసనుకున్నా. తెల్లారేసరికి నన్ను బండెక్కించారాయె."

నవ్వులక్క తన కుడి అరచెయ్యి చూసుకుంది. ఆ రోజు సాయంత్రం అరచేతి మొదట్లో నేరేడుపండంత మేర కమిలిపోయింది. పట్టుకుంటే సలుపు. బకెట్టు కొట్టుకుందేమోలే అనుకుని మర్చిపోయింది. ఇప్పుడు ఆ చోటునే బొటనవేలితో తడిమి చూసుకుంది. పక్కనున్న దుప్పట్ల మూట మీద కూలబడింది.

"నేనేనా బాబాయ్?"

"నువ్వే."

"నాకు గుర్తులేదు."

"చేతికి గుర్తుందిగా. దాని పని అది చేసింది."

గుండె మీంచి ఎవరో బండ దించినట్టయింది. ఎంత తేలికైపోయిందంటే, ఇన్నాళ్లూ అంత బరువు ఎలా మోసిందో ఆమెకే తెలియలేదు. నోరు నవ్వుతున్నంతసేపూ తను ఊరికే నిలబడలేదు. నవ్వు మొదలయ్యేలోపే చెయ్యి వెళ్లి వచ్చేసింది.

మేనేజరు కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు. తర్వాత అందరూ వింటుండగానే, "నేను తప్పు రాశాను. కమ్మీ సంగతి కూడా సరిగ్గా చూసుకోలేదు. క్షమించండమ్మా" అన్నాడు. అంత పెద్దమాట వినేసరికి ఆమె గుండె గుభేలుమంది, పకాలున నవ్వేసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కంగారేం లేదు సార్" అన్నాడు ఫిట్టరు. "భయపడింది. అంతే."

కబురు మోయడానికి ఫోన్లున్నాయి కదా. గంట తిరక్కుండా వదిన వచ్చేసింది. బస్సెక్కి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చింది. కుడిచేతికి కట్టు, మొహమంతా చెమట. కుట్టే గది గుమ్మంలో నిలబడి ఊపిరి తీసుకుంది.

"ఒసేయ్, నువ్వే నొక్కావట."

"అట."

"అట ఏమిటే?"

"నాకూ ఇందాకే తెలిసింది వదినా."

వదిన వచ్చి దుప్పట్ల గుట్ట మీద కూర్చుంది. "ఈ నలభై రోజులూ నిన్ను తిట్టని పూట లేదు తెలుసా. కట్టు కట్టించుకుంటూ తిట్టాను. ఎడంచేత్తో అన్నం తింటూ తిట్టాను. మా ఆయన వినీ వినీ, 'ఇక ఆపవే, అక్కడ ఆవిడకి పొలమారి చచ్చేలా ఉంది' అన్నాడు."

"పొలమారాలంటే గొంతులోకి ఏదైనా దిగాలిగా" అంది నవ్వులక్క.

వదిన ఆమెను ఎగాదిగా చూసింది. చిక్కిపోయిన మొహం అప్పుడు కనపడింది కాబోలు. కాస్త మెత్తబడింది. "అబద్ధం చెప్పనే. ఆ నవ్వు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు. నిద్దట్లో కూడా వినపడుతోంది. నువ్వు బటన్ నొక్కావని తెలిసినా, అది ఇవాళే పోదు."

"పోకపోతే పోనీలే వదినా." ఒక్క క్షణం ఆగి, పదకొండేళ్లుగా చెప్పని మాట చెప్పింది. "నాకు చిన్నప్పట్నుంచీ అంతే. భయమేస్తే నవ్వొస్తుంది. మా నాన్న పోయారని చెప్పినప్పుడూ నవ్వాను."

వదిన ఏదో లెక్క తేలనట్టు కనుబొమలు ముడిచింది. "అయితే ఆ పాత సూపర్వైజరు మన మీద కేకలేసినప్పుడల్లా నవ్వేదానివి. అదీ?"

"భయమే."

"ఆవిరి గొట్టం పగిలి హాలంతా పొగ కమ్మినప్పుడు?"

"చచ్చేంత భయం."

"నీ దుంపతెగ! నీకెంత ధైర్యమో అనుకున్నానే నేను! నువ్వు నవ్వుతున్నావు కదా అని, నీ అండ చూసుకుని ఆ సూపర్వైజరుతో గొడవకి దిగాను! నా జీతం కోసేవాడే!"

ఈసారి మొదట నవ్వింది వదినే. కట్టున్న చెయ్యి పైకెత్తి పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. నవ్వులక్క కూడా నవ్వింది గానీ, అది ఎప్పుడూ వచ్చే నవ్వులా లేదు. చప్పుడు లేదు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. వదిన అలాంటి నవ్వు ఆమె దగ్గర ఎప్పుడూ చూడలేదు.

"అన్నం తిన్నావా?" అంది చివరికి వదిన.

"లేదు. నువ్వో?"

"ఫోను రాగానే కంచం ముందునుంచి లేచొచ్చాను."

డబ్బా తెరిచి మధ్యలో పెట్టింది. వదిన ఎడమచేత్తో తంటాలు పడుతూ నాలుగు ముద్దలు తింది. మిగిలిందంతా నవ్వులక్కే తింది. తిని, డబ్బా అడుగు కూడా వేలితో తుడుచుకుంది. అంత ఆకలి ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకే విడ్డూరంగా అనిపించింది.

కొత్త కమ్మీ వచ్చి బిగించేదాకా ఆ రోలరు నడపలేదు. మేనేజరు రిపోర్టు మళ్లీ రాశాడు, ఆమెను పిలిచి చదివి వినిపించాడు. సోమవారం నుంచి ఆమె తన చోటికి వెళ్లింది. వెళ్లిన రోజే టీ వేళ బల్ల దగ్గర అందరి ముందూ ఆ సంగతి చెప్పేసింది. చెప్పేటప్పుడు రెండుసార్లు నవ్వొచ్చింది. ఎవరూ మొహం తిప్పుకోలేదు. గుండెకాయా బండరాయా అన్న ఆమె తలొంచుకుని టీ గ్లాసు ఆమెవైపు జరిపింది. ఉతికే హాలామె, "నాకు కోపమొస్తే ఎక్కిళ్లొస్తాయి. అందుకే ఎవరితోనూ గొడవపడను. మధ్యలో పరువు పోతుంది" అంది. ఇంకొకామె ఇంట్లో ఏదైనా గొడవైతే ఇక్కడ నిలబడే నిద్రపోతానంది. ఇలా ఒక్కొక్కరూ బయటపడుతుంటే ఆ రోజు టీ పావుగంట ఎక్కువ సాగింది. మేనేజరు గది అద్దంలోంచి చూసి కూడా బయటికి రాలేదు.

కట్టు విప్పాక పనిలోకి వచ్చిన వదిన రెండు నెలలు కూర్చుని చేసే పని చేసింది, దిండుగలీబులు లెక్కపెట్టే పని. కొత్తగా చేరిన అమ్మాయిలకు ఆవిడే పాఠం చెప్పేది. "ఈవిడ నవ్విందంటే ఎక్కడో కొంప మునిగిందన్నమాట. నువ్వూ నవ్వుదామని పళ్లికిలించకుండా, పని ఆపి చుట్టూ చూసుకో."

రెండు నెలల తర్వాత రోలరు దగ్గరికి వచ్చింది. ఒక వేలు పూర్తిగా మడత పడదు. మిగతా చెయ్యి బాగానే ఉంది. తడి దుప్పటి కొస అందుకుంది. అంచు సరిచేసింది. రోలరు దాకా తీసుకెళ్లిన చెయ్యి అక్కడ ఆగిపోయింది.

"భయంగా ఉందే" అంది వదిన.

"నాకూ" అంది నవ్వులక్క. "ఎంతసేపైనా ఆగుతాను."

వెనకవైపు ఇద్దరూ ఖాళీ చేతులతో నిలబడి ఎదురుచూశారు. ఎవరూ తొందరపెట్టలేదు. ఉతికే మెషీను ఒకటి తిరగడం ఆపి గంట కొట్టింది. వదిన ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని తలూపింది. రెండు కొసలూ ఒక్కసారే ముందుకెళ్లాయి. దుప్పటి లోపలికి జారింది. వాళ్ల చేతులు బయటే ఉన్నాయి. అవతలివైపు నుంచి, "వచ్చిందమ్మా, వచ్చింది" అని ఇద్దరూ కేకేశారు. నవ్వులక్క వంగి రెండో దుప్పటి కొస అందుకుంది.